నాన్నా, పై అంతస్తు సంగతి

ఖాట్మండు,
16-1-2025

నాన్నకి, అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా అమ్మ నమ్మట్లేదని కాగితం మీద పెడుతున్నాను. 7వ తేదీ పొద్దున ఏడు కావస్తుండగా భూమి కదిలిన మాట నిజమే. అది పుట్టింది ఇక్కడ కాదు, టిబెట్లో డింగ్రీ దగ్గర. తీవ్రత 7.1. పాపం అక్కడ చాలామంది పోయారు. మాకైతే ఫ్యాను ఊగింది, వీధి కుక్కలు గోల పెట్టాయి. ఓనరు ఆంటీ తలుపు బాది నన్ను కిందికి దింపింది. అందరం చలిలో కాసేపు నిలబడి, టీ తాగి పైకెళ్ళాం. అంతే. పొద్దస్తమానం ఆ ఛానెల్ పెట్టుకుని కూర్చుంటే బీపీ పెరగక ఏమవుతుందమ్మా?

పండక్కి రాలేదని కోపం తగ్గిందా? ఇక్కడా మొన్న సంక్రాంతే, మాఘే సంక్రాంతి అంటారు. ఆంటీ నువ్వులుండలు, నెయ్యి, ఉడకబెట్టిన పెండలం, చాకు అని చెరుకు బెల్లంతో చేసే నల్లటి దిమ్మ, అన్నీ పళ్ళెం నిండా పెట్టింది. చాకు పళ్ళకి అతుక్కుని ఒక పట్టాన వదలదు. బాగుంది కానీ అరిసెలు అరిసెలే. ఈసారి పాకం ఎవరు పట్టారు? నాయనమ్మ చూడకపోతే గట్టిపడతాయి కదా. ఆవిడ కంట్లో చుక్కల మందు మానేసిందని తమ్ముడు చెప్పాడు. మాననివ్వొద్దు.

మీకు కనుమ అయిన రోజునే ఇక్కడ భూకంప భద్రతా దినం. 1934 జనవరి 15న మధ్యాహ్నం వచ్చిన భూకంపానికి నేపాల్లో 8,500 మందికి పైగా చనిపోయారు. ఆ జ్ఞాపకంగా ఏటా చేస్తారు. ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ దాన్ని వాళ్ళ విక్రమ సంవత్ లెక్కలో (1990) తొంభయ్యో సంవత్సరం భూకంపం అనే అంటారు. అప్పుడు కూలిన ధరహరా బురుజుని మళ్ళీ కట్టారు, 2015లో మళ్ళీ కూలింది. ఇప్పుడు ఇంకోటి కట్టారు. ఆఫీసుకి వెళ్తుంటే కనిపిస్తుంది. కింద నుంచి పైదాకా చూసి తల దించుకుని వెళ్ళిపోతాను, ఎక్కాలని మాత్రం అనిపించలేదు.

పని ఎప్పటిలాగే. పునాదుల కోసం మట్టి పరీక్షకి బోర్లు వేయించడం, మట్టి తీయించడం. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకోవడం. నాన్నకి తెలుసుగా. కానీ మీరు ఈ మట్టిని చూడాలి నాన్నా. ఇది మన నల్లరేగడి కాదు. ఈ లోయంతా ఒకప్పుడు చెరువు, ఇది ఆ చెరువు అడుగు. ట్యూబులోంచి తోసినప్పుడు నల్లగా, తడిగా, కొంచెం కుళ్ళిన ఆకు వాసనతో వస్తుంది. బొటనవేలు పెట్టి నొక్కితే గోరు దాకా దిగిపోతుంది. కొన్నిచోట్ల మూడు నాలుగు దెబ్బలకే గొట్టం లోపలికి పోతుంది. లోయ నడిమధ్యలో రాయి తగలాలంటే 500 మీటర్లు దాటి వెళ్ళాలి. మంజుశ్రీ అనే బోధిసత్వుడు కత్తితో చోభర్ దగ్గర కొండ నరికి నీళ్ళు వదిలేశాడని ఇక్కడి కథ. నాయనమ్మకి చెప్పండి, ఇష్టపడుతుంది.

అలాంటి మట్టి మీద భూకంపం వేరేగా ఆడుతుంది. బిందె దించి పెట్టాక కూడా లోపల నీళ్ళు ఊగుతూనే ఉంటాయి చూడండి, అలా. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చినప్పుడు లోయ నాలుగైదు సెకన్లకి ఒకసారి చొప్పున నెమ్మదిగా, పెద్దగా ఊగింది. ఆ ఊపు పొడుగాటి కట్టడాలకి చేటు. రెండు మూడంతస్తుల ఇళ్ళని కూల్చేది గబగబా కొట్టే అదురు. లోయలో అది అనుకున్నంత రాలేదు. అందుకే చిన్న ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి. ఆ రోజు శనివారం, ఇక్కడి సెలవు కాబట్టి పిల్లలు బడిలో లేరు, అదొక అదృష్టం. అయినా దేశం మొత్తం మీద దగ్గర దగ్గర 9,000 మంది పోయారు. లోకంథలిలో హైవేనే పగిలి కిందికి దిగిపోయింది.

నాకు కోపం తెప్పించేది ఏంటంటే, ఇక్కడ ఎవరిని కదిపినా "మా ఇల్లు అంత పెద్దదానికే తట్టుకుంది" అంటారు. అని ఇంకో అంతస్తు వేస్తారు. తట్టుకుంది ఇంటి గొప్ప కాదు, ఆ రోజు వచ్చిన ఊపు దాన్ని వదిలేసింది. ఇంకోసారి వచ్చేది అలాగే వస్తుందని రాసిచ్చినవాళ్ళెవరు? పశ్చిమ నేపాల్లో 1505 తర్వాత అంతటి పెద్దది రానేలేదు. కింద మన భూఫలకం హిమాలయాన్ని ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు నొక్కుతూనే ఉంది.

ఇది చదివి అమ్మ మళ్ళీ "అయితే వచ్చెయ్" అంటుంది. ఎక్కడికి రమ్మంటావమ్మా? 1967 మార్చిలో ఒంగోల్లోనే కదా వచ్చింది. అటక మీద ఇత్తడి గిన్నెలు దొర్లి పడితే దొంగలనుకున్నానని నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. మొన్న డిసెంబర్ 4న ములుగులో 5.3. అదే నెలలో ముండ్లమూరు, తాళ్ళూరు వైపు కదిలితే మీరంతా నవ్వి ఊరుకున్నారు. నేనేమీ ధైర్యవంతురాలిని కాదు, తలుపు దగ్గర చెప్పులు, టార్చి, పాస్‌పోర్టు సంచిలో పెట్టుకునే పడుకుంటాను. నా గది ఉన్న బిల్డింగ్ డ్రాయింగులు చూశాకే అడ్వాన్సు ఇచ్చాను. ఆంటీ ఇప్పటికీ దాని మీద జోకులేస్తుంది.

ఇక అసలు సంగతి. ఫోన్లో అయితే మీరు "సర్లే" అని పెట్టేస్తారు కాబట్టి రాస్తున్నాను. పై అంతస్తు వేయడానికి మేస్త్రీతో మాట్లాడారని, కింద రెండు గదుల గోడలు తీసేసి కారు పార్కింగ్ చేస్తారని తమ్ముడు చెప్పాడు. ఇన్నేళ్ళలో మన ఇంటికి బీట కూడా పడలేదన్నారట. ఖాట్మండు వాళ్ళు అనేదీ అదే. 2015లో గోంగబు బస్టాండ్ దగ్గర కింద షాపులు, పైన గదులు ఉన్న పిల్లర్ బిల్డింగులు అలాగే ఉన్నచోటే కూర్చుండిపోయాయి. పైన బరువు, కింద గోడల్లేని పిల్లర్లు. భూకంప ముప్పు లెక్కలో మనది మూడో జోన్, అంతకన్నా ముప్పున్న నాలుగు ఐదు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లర్లు మీరు రెండంతస్తులకని పోయించినవి, వాటిలో ఊచల చుట్టూ కట్టిన ఇనుప రింగుల కొసలు లోపలికి వంచలేదని మీకూ తెలుసు. మీరు ఎంతమందికి ఇళ్ళు కట్టారో నాకు తెలుసు నాన్నా, మీకు నేర్పేంతదాన్ని కాదు. మన ఇల్లు కాబట్టి అడుగుతున్నాను.

సెంట్రింగ్ వాళ్ళకి అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. నేను ఉగాదికి వస్తాను. మూల పిల్లర్ పక్కన పునాది దాకా తవ్వించి ఉంచండి, ఇద్దరం చూద్దాం. పార్కింగ్ కావాలంటే పెరటి వైపు రేకుల షెడ్డు చాలు, దాని ఖర్చు నేను పెట్టుకుంటాను.

అమ్మా, వచ్చేటప్పుడు నీకు ఇక్కడి గుండ్రుక్ తెస్తాను. పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, పుల్లగా ఉంటుంది. గోంగూర దొరకనప్పుడు దాంతోనే పప్పు చేసుకుంటున్నాను, వాసన చూసి తిట్టకు.

మీ
చిన్ని