మా గ్రంథాలయం ఏ ప్రభుత్వానిది? పర్లాకిమిడి నుంచి మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాష వ్యవహారాలు చూసే గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేం వాలంటీర్లుగా నడిపే తెలుగు గ్రంథాలయానికి పుస్తకాలు ఇప్పించమని ఇంతకుముందు పంపిన అర్జీలు మీ కంటిదాకా వచ్చాయో లేదో తెలియదు. పేషీకి మాత్రం వచ్చాయి. వాళ్ళు కొట్టిన ‘అందినది’ ముద్రలు మా ఫైల్లో వరసగా ఉన్నాయి. అందిన తర్వాత ఏమైందో అడుగుదామంటే ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు, ఎత్తినా ‘ఫైలు మూవ్ అయిందండీ’ అన్న మాట తప్ప రెండో మాట లేదు. మూవ్ అవుతూ అది ఎక్కడిదాకా పోయిందో దేవుడికే తెలియాలి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. తప్పయితే మన్నించండి.

మా గ్రంథాలయం కథంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పను. ఫోటోలు, పుస్తకాల జాబితా, అద్దె రసీదులు, హాజరు పట్టీ అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. లేనిదల్లా జవాబే.

ఆన్‌లైన్లో పెట్టుకోండి, త్వరగా అవుతుంది అని మీవాళ్ళే ఒకరు సలహా ఇచ్చారు. సరేనని కూర్చున్నాం. మొదటి గడిలోనే జిల్లా ఎంచుకోమంది. శ్రీకాకుళం ఉంది, పార్వతీపురం మన్యం ఉంది. మా గజపతి జిల్లా లేదు. ఎందుకుంటుంది లెండి, అది ఒడిశాలోది. చివరికి సరిహద్దుకి అవతల, శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఉండే మా బావ గారి ఆధార్ నంబరుతో పెట్టాం. కొన్నాళ్ళకి ఆయనకి ఫోన్ వచ్చింది. “మీ వీధిలో గ్రంథాలయం ఎక్కడుందండీ?” “మా వీధిలో కాదండీ, పర్లాకిమిడిలో.” “అది ఒడిశా కదండీ?” “అవునండీ, అర్జీ అదే కదా.” అటువైపు ఫోన్ పెట్టేశారు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. అప్పటినుంచి మా బావ గారు ఎప్పుడు ఎదురుపడినా “మీ సమస్య తీరిపోయిందట కదా” అని ఏడిపిస్తున్నారు.

ఇక్కడి ప్రభుత్వాన్ని అడగలేదా అంటారేమో. అడిగాం. ఒడిశాకీ గ్రంథాలయాల చట్టం ఉంది, 2001లో వచ్చింది. కానీ మీ దగ్గర ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు లాంటిది మా దగ్గర లేదు. గ్రంథాలయాలకి సాయం చేసే కేంద్ర సంస్థ రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ పుస్తకాల సంగతి కనుక్కుంటే రాష్ట్రం ద్వారానే రావాలన్నారు. మా చేతికి ఇచ్చిన జాబితా అటూ ఇటూ తిప్పి చూశాం, తెలుగు పుస్తకం కనబడలేదు. అక్కడి అధికారి చెడ్డవారేం కాదు. కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పారు, తెలుగు పుస్తకాలు కావాలంటే మీ ప్రభుత్వాన్ని అడగండి అని. మీ దగ్గరికొస్తే మీవాళ్ళూ అదే మాట, మీ ప్రభుత్వాన్ని అడగండి అని. (అక్కడ టీ కూడా లేదు.) రెండు రాజధానులూ ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళని చూపిస్తుంటే, ఆ ‘మా ప్రభుత్వం’ ఎక్కడుందో మాకు ఎవరు చెబుతారు?

అసలు సంగతికి వస్తాను. ఇదంతా రాయించింది ఒక మాట. మీ ప్రభుత్వం తరఫున ఒక పెద్దమనిషి మైకులో ఇచ్చిన మాట.

సరిహద్దుకి అవతల, తెలుగు భాషా దినోత్సవం సభ. మమ్మల్నీ పిలిచారు. గ్రంథాలయం నడిపేవాళ్ళందరినీ వేదిక ఎక్కించి శాలువాలు కప్పారు. ఆ పెద్దాయన మమ్మల్ని తెలుగుతల్లికి సరిహద్దు సైనికులు అన్నారు. చప్పట్లే చప్పట్లు. సైనికులకైతే జీతమూ క్యాంటీనూ ఉంటాయని మా మాస్టారు నా చెవిలో అన్నారు, అది మైకులోకి పోలేదు. ఆ ఊపులోనే వేయి పుస్తకాలు ఇస్తామన్నారు, రోజూ రెండు తెలుగు దినపత్రికలు వచ్చే ఏర్పాటు చేస్తామన్నారు, గ్రంథాలయం తెరిచే మనిషికి నెలకి గౌరవ వేతనం ఇస్తామన్నారు. మేం అడగనివి కూడా ఇచ్చేశారు. మర్నాడు పేపర్లలో ఫోటోతో సహా వచ్చింది. ఆ కటింగు మా గోడకి అంటించి ఉంది, మీకు కాపీ కూడా పంపాం.

తర్వాత ఏడాది మళ్ళీ సభ, మళ్ళీ శాలువాలు. పుస్తకాల మాట ఎత్తితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. ఆ మరుసటి ఏడు వేదిక మీది మనిషి మారారు, శాలువా రంగు మారింది, అంతే. అన్యాయంగా మాట్లాడకూడదు, శాలువాలు పనికొచ్చాయి. మా కిటికీ తలుపు ఒకటి సరిగా పడదు. వాన జల్లు తిన్నగా కథల పుస్తకాల మీద కొడుతుంది. శాలువాలు రెండేసి కలిపి కుట్టించి బీరువాకి తెర కట్టాం. జరీ అంచువి త్వరగా నానవు. అంతవరకు మీకు కృతజ్ఞులం.

చివరికి ఒకరోజు పార్సెల్ వచ్చింది. నిజంగానే వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. పాతపట్నం దాకా వచ్చి అక్కడ ఆగిపోతే ఆటోలో వేసుకొచ్చాం. పిల్లలు చుట్టూ మూగారు. సంక్రాంతికి బట్టల మూట విప్పినట్టు విప్పాం. పైన ప్రభుత్వ పథకాల కరపత్రాలు, ఎప్పుడో ఏడాది దాటిపోయిన డైరీలు. కింద అన్నీ గ్రూప్-2 గైడ్లు. ఒకే గైడు, కాపీల మీద కాపీలు. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ, రాష్ట్ర విభజన సమస్యలు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె దాన్ని తిరగేసి “ఇందులో బొమ్మలు లేవేటి?” అంది.

అయ్యా, మా పిల్లలు మీ రాష్ట్రంలో నాన్‌లోకల్. ఇక్కడే పుట్టారు, ఒడియా మీడియంలో చదువుతున్నారు, రేపు పరీక్ష రాసినా ఇక్కడివే రాస్తారు. వాళ్ళకి గ్రూప్-2 గైడు ఎందుకు? ఈ మాటే ఉత్తరంలో రాసి, పిల్లల కథల పుస్తకాలు, వాచకాలు, ఒక మంచి నిఘంటువు పంపమని అడిగితే వచ్చిన సమాధానం ఏంటంటే, మా పేరు మీద పుస్తకాల సరఫరా పూర్తయినట్టు రికార్డులో ఉందట. వేయికి వేయీ ముట్టాయన్న మాట. మాట తప్పితే ఇంకోసారి అడగొచ్చు. ‘నెరవేర్చేశాం’ అని కాగితం మీద రాసుకున్నాక ఇంకెవర్ని అడగాలి?

మేం ఏం చేస్తున్నామో ఒక్క సాయంత్రం వచ్చి చూడండి. రిటైరైన మాస్టారు అయిదింటికి తాళం తీస్తారు. జాకెట్లు కుట్టే అమ్మాయి పుస్తకాల బైండింగ్ చూస్తుంది. మైదా జిగురు పెడితే బొద్దింకలు అట్టలు కొరికేస్తున్నాయని అందులో చిటికెడు మైలతుత్తం కలుపుతుంది, ఊళ్ళో ఒక ముసలి బైండరు దగ్గర నేర్చుకుంది. కలరా ఉండల ఖర్చూ ఆమెదే. డిగ్రీ చదివే కుర్రాడు ఇష్యూ రిజిస్టరు రాస్తాడు. పాతపట్నం నుంచి పొద్దున్నే ఆటో తోలుకొచ్చే అబ్బాయి తన డబ్బుతో ఒక పేపరు కొని తెచ్చి తలుపు సందులోంచి లోపల పడేస్తాడు. డబ్బులు ఇవ్వబోతే “ఒక పేపరుకి డబ్బులేటి మాస్టారూ” అంటాడు. మీరు ఇస్తామన్న రెండు దినపత్రికల్లో ఒకటి ఆ అబ్బాయే ఇస్తున్నాడు. రెండోది మీ ఖాతాలో బాకీ.

ఆదివారం పొద్దున్న పిల్లలకి కథలు చదువుతాం, అక్షరాలు దిద్దిస్తాం. వాళ్ళకి తెలుగు రాదని అనుకునేరు. ఇంట్లో తెలుగే, తిట్టుకునేదీ తెలుగులోనే. రాయమంటేనే చేయి ఒడియా అక్షరాల్లోకి పోతుంది. మొన్న ఒకమ్మాయి పలాసలో ఉన్న అమ్మమ్మకి ఉత్తరం రాసి తెచ్చింది. పేజీ నిండా రాసింది. జీడితోటకి ఎప్పుడు తీసికెళ్తావు, నల్లమేక ఈనిందా, మామయ్య ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, అన్నీ అడిగింది. మాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ ఒడియా. అమ్మమ్మకి ఒడియా రాదు. మాస్టారు పక్కన కూర్చుని వాక్యం వాక్యం తెలుగు లిపిలో మళ్ళీ రాయించారు. ‘ఈనిందా’ దగ్గర దీర్ఘం ఎక్కడ పెట్టాలో తేలడానికి చాలాసేపు పట్టింది.

చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పే టీచరు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకి చెబుతోంది. దాని గురించి ఇక్కడి ప్రభుత్వంతో మా తగవు మేం పడుతున్నాం, అది మీ తలకి చుట్టం. కానీ బడి లేనిచోట పుస్తకమైనా ఉండాలి కదా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మీ ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడ్డాయో మా గజపతి జిల్లాలో ఇళ్ళ కప్పులూ అలాగే లేచిపోయాయి. తుపాను చిరునామా ధ్రువీకరణ పత్రం అడగలేదు. మా రేకులు ఎగిరిపోయి పాత పత్రికల బైండు సంపుటాలు ముద్దముద్దయ్యాయి. ఒక్కో కాగితం విడదీసి, తాడు మీద ఆరేసి, ఇస్త్రీ పెట్టాం. ఆ సంపుటాలకి ఇప్పుడు చెద పట్టింది. వాటిని స్కాన్ చేయించి ఇస్తామని కూడా ఎవరో అన్నట్టు గుర్తు. మాట ఇచ్చినవాళ్ళు ఎక్కువై ఎవరు ఏది అన్నారో మాకే గుర్తుండటం లేదు.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, మీరు దండ వేసే ఫోటోలోని తలపాగా పెద్దాయన, గిడుగు రామమూర్తి గారు, మా ఊరి మాస్టారు. 1880లో ఇక్కడి బడిలో ఉద్యోగానికి వచ్చి జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపారు. కొండ మీది సవరల భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్ళకి బడులు పెట్టారు. ఏ ప్రభుత్వం జీవో ఇచ్చిందని పెట్టారు? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు మనసు విరిగి ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయారు, మేం ఉండిపోయాం. ఇప్పటికీ సవర పిల్లలు ఇద్దరు ముగ్గురు హాస్టల్ నుంచి మా దగ్గరికి బొమ్మల పుస్తకాల కోసం వస్తారు. ఆయన పేరు మీద పండగ మీకు, ఆయన ఊళ్ళో పుస్తకాలకి చెద మాకు. ఈ పంపకం ఎవరు చేశారండీ?

‘మీరు బాగానే నడుపుతున్నారు కదా’ అని మీ అధికారి ఒకరు మెచ్చుకున్నారు. అదే మా మెడకి చుట్టుకుంది. మూతబడితే సానుభూతి వార్త రాస్తారు. తెరిచి ఉంటే ఆదర్శం అంటారు. పుస్తకం ఇచ్చేది ఎప్పుడు? వాలంటీర్లు చాకిరీ చేయగలరు, చేస్తున్నారు. పుస్తకాలు అచ్చు వేయలేరు. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, డిగ్రీ కుర్రాడు ఉద్యోగం వస్తే భువనేశ్వరో విశాఖో పోతాడు. ఇంటి ఓనరు దసరా తర్వాత అద్దె పెంచుతానన్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖు వస్తుందంటే టెన్షన్.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాం. పిల్లలు చదివే తెలుగు పుస్తకాలు ఇప్పించండి. వేయి కాకపోతే వంద. సరిహద్దు అవతల ఉన్న తెలుగు గ్రంథాలయాలకి సాయం చేయడానికి రూలు లేదంటే రూలు రాయండి, రాసేది మీరే కదా. లేదంటే ఇక్కడి మంత్రి గారికి మీరే ఒక ఉత్తరం రాయండి, ‘మా భాష పిల్లలు, మీ రాష్ట్రం పిల్లలు, కలిసి చూద్దాం’ అని. మీరు రాస్తే చదువుతారు, మేం రాస్తే ముద్ర కొడతారు. గౌరవ వేతనం సంగతి వదిలేయండి, దాన్ని ఎవరూ నమ్మలేదు. పుస్తకాలు మాత్రం వదలం.

ఈ లేఖని ఒడియాలోకి తిప్పించి ఇక్కడి కలెక్టర్ గారికీ ఇస్తున్నాం. మీ ఇద్దర్లో ముందు ఎవరు పలికితే వాళ్ళకే మా దండం.

ఏదీ వీలు కాదంటారా, కనీసం ఆ గ్రూప్-2 గైడ్లు వెనక్కి తీసుకెళ్ళే బండినైనా పంపండి. పాతపట్నంలో వాటి కోసం వెతుక్కునే కుర్రాళ్ళు ఉంటారు. మాకు ఒక అర ఖాళీ అవుతుంది.

ఇట్లు,
గ్రంథాలయం వాలంటీర్ల తరఫున ఒకరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా