పదహారేళ్ల లైసెన్స్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం సాయంత్రం హంటర్ రోడ్డులో మన పదో తరగతి పిల్లలు ముగ్గురు ఒకే స్కూటీ మీద పోతూ జారిపడ్డారు. ఒకరికి మణికట్టు విరిగింది, మిగతా ఇద్దరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. ఇప్పుడు ముగ్గురూ ఇళ్లలో కోలుకుంటున్నారు. దయచేసి వాళ్ల పేర్లు, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

అప్పటి నుంచి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "మేడం, పదహారు నిండితే లైసెన్స్ ఇస్తారట కదా, తీయిస్తే అయిపోతుందా?" ఇస్తారు. తల్లో తండ్రో రాతపూర్వకంగా ఒప్పుకుంటే పదహారేళ్లకే గేర్ లేని బండికి లెర్నింగ్ లైసెన్స్ వస్తుంది. కానీ ఆ వయసులో నడపగలిగేది 50 సీసీ దాటని బండి మాత్రమే. మన ఇళ్ల ముందు ఉండే స్కూటీలు చాలావరకు 100 సీసీ పైనే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లెక్కల ప్రాజెక్టు కోసం మా టీచర్ల బండ్ల ఆర్సీలన్నీ అడిగి తీసుకుని, సీసీలు పట్టిక వేసింది. 50 సీసీ బండి ఒక్కటీ లేదు! ఎవరూ చెప్పకుండా తనంతట తానే ఆలోచించి చేసింది. ఆ చార్టు ఆఫీసు గోడకు పెట్టాం, వచ్చినప్పుడు తప్పక చూడండి.

మామూలు స్కూటీకి పద్దెనిమిది నిండాల్సిందే. 2019లో చట్టం మార్చాక మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకుపోయాడు" అంటే, ఆ మాట కోర్టులో మీరే నిరూపించుకోవాలి. పాల ప్యాకెట్ తెమ్మనీ, ట్యూషన్‌కు ఆలస్యమవుతోందనీ రోజూ మనమే తాళం చేతికిస్తుంటే ఏమని నిరూపిస్తాం?

మీ పనుల టెన్షన్ నాకు తెలియనిది కాదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. పొద్దున గేటు దగ్గర నిలబడితే, హెల్మెట్ చేతికి తగిలించుకుని, ముందొకరిని వెనక ఇద్దరిని ఎక్కించుకుని వచ్చే నాన్నలు ఎందరో. ఎంతో మర్యాదగా నమస్తే పెడతారు. ఆ హెల్మెట్ తల మీద ఉంటే నాకు ఇంకా సంతోషం. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతోంది.

పిల్లలకు సైకిల్ ఇవ్వండి. ఈ మాట ప్రతి సంవత్సరం చెబుతున్నాను, ఇకముందూ చెబుతాను. సైకిల్ తొక్కే పిల్లకు రోడ్డు తెలుస్తుంది: మలుపులో ఎప్పుడు నెమ్మదించాలి, ఆర్టీసీ బస్సు వెనక ఎంత దూరంలో ఉండాలి, గుంట ఎక్కడుంది, అన్నీ కాళ్లతో చేతులతో నేర్చుకుంటుంది. లైసెన్స్ అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు. వడ్డేపల్లి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే మన పదో తరగతి అమ్మాయి ఈ ఏడాది ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. ఎనిమిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు పంక్చర్ వేయడం నేర్చుకుని, మధ్యాహ్నం అన్నాలయ్యాక తోటి పిల్లల సైకిళ్లు బాగుచేస్తున్నారు. నల్లటి చేతులతో క్లాసుకు వస్తే టీచర్లు కోప్పడుతున్నారు కానీ, నాకైతే వాళ్లను చూస్తే గర్వంగా ఉంటుంది. ఇంత చేసినా మన సైకిల్ స్టాండ్ సగం ఖాళీగానే ఉంది.

సోమవారం నుంచి పిల్లలు మోటారు బండి మీద వస్తే తాళం వాచ్‌మన్ తీసుకుంటాడు. తల్లో తండ్రో వచ్చి సంతకం చేస్తేనే తిరిగిస్తాం. ఎవరు సిఫారసు చేసినా ఇందులో మార్పు ఉండదు.

ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి శుక్రవారంలోగా పంపండి. బతుకమ్మ రోజు యూనిఫాం అవసరం లేదు, పూలు మాత్రం ఇంటి నుంచే తేవాలి. ఫీజు బాకీలు ఆఫీసులో చూసుకోండి.

మీ ఇంట్లో పాత సైకిల్ మూలన పడి ఉంటే టైర్లు పోయినా సరే పంపండి. మా ఎనిమిదో తరగతి అబ్బాయిలిద్దరూ చూస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ