మూడో విగ్రహానికి పేర్లు కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన నిజాం సంస్థానపు గుర్రపు దళం ఫస్ట్ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్ల (ఈటెలు పట్టిన గుర్రపు సైనికుల) మీద డాక్యుమెంటరీ తీస్తున్నాం. అందుకోసం ప్రభుత్వ భాండాగారంలో (పాత దస్త్రాలు దాచే చోట) ఉన్న ఆ దళపు జీతం, పింఛను, గుర్రాల రిజిస్టర్లను ఫొటో తీసుకోవడానికి అనుమతి కోరుతూ పెట్టిన నాలుగు అర్జీలూ మీ పేషీకి చేరాయి. విషయం మీకు తెలిసిందే, మళ్ళీ మొదటినుంచీ చెప్పం. నాలుగింటికీ వచ్చిన జవాబు ఒక్కటే: "పరిశీలనలో ఉంది". ఈలోగా రిజిస్టర్ల అంచులు పొడి పొడిగా రాలుతున్నాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర మూడు సంస్థానాల లాన్సర్ల స్మారకంగా 1922 నుంచీ నిలబడి ఉన్న మూడు కంచు విగ్రహాల్లో ఒకటి జోధ్‌పూర్‌ది, ఒకటి మైసూర్‌ది, ఒకటి మన హైదరాబాద్‌ది. మొదటి రెండు రిసాలాలకూ (గుర్రపు దళాలకూ) వారసులున్నారు. అవి 1953లో ఏర్పడిన భారత సైన్యపు గుర్రపు రెజిమెంటు 61వ కావల్రీలో కలిశాయి. మూడోదానికి ఎవరూ లేరు. 1948 తర్వాత సంస్థాన సైన్యం రద్దయింది. దాని జ్ఞాపకాలు దాచే రెజిమెంటు లేదు, మ్యూజియం లేదు. హైదరాబాద్‌లో మిగిలినవి ఫస్ట్ లాన్సర్ అనే పేట పేరు, కొన్ని ఉర్దూ దస్త్రాలు. పేట పేరు ఎలాగూ ఉంటుంది. దస్త్రాల సంగతే మా బాధ.

"హైఫా గుర్రపుదాడి తీయండి, బ్రహ్మాండంగా ఉంటుంది" అని అందరూ సలహా ఇస్తున్నారు. మీ కార్యాలయంలోనూ అదే మాట అన్నారు. 1918 సెప్టెంబర్ 23న అప్పటి పాలస్తీనాలోని రేవు పట్టణం హైఫా మీదికి ఉరికింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ దళం అదే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఉన్నా, ఆ దాడిలో లేదు. లేనిది ఉన్నట్టు మేం తీయలేం. మరి వాళ్లు నాలుగేళ్లు ఏం చేశారు? 1914 చివర్లో ఈజిప్టు చేరి సూయజ్ కాలువకు కాపలా కాశారు, సినాయ్ ఇసుక దాటారు, పాలస్తీనా దాకా వెళ్లారు. ఎవరు వెళ్లారు, ఏ ఊరి నుంచి, ఎవరు తిరిగి వచ్చారు అన్నదే మా సినిమా.

"లండన్‌లో అన్నీ దొరుకుతాయి కదా" అని కూడా అన్నారు. యుద్ధ దినచర్యలు, అంటే దళం రోజువారీగా రాసిపెట్టిన పుస్తకాలు దొరుకుతాయి, నిజమే. లండన్ క్యూ పేటలోని బ్రిటన్ జాతీయ భాండాగారంలో డబ్ల్యూఓ 95 అనే దస్త్రాల శ్రేణిలో ఉన్నాయి. కాని దినచర్యలో ఉండేది దళం ఎక్కడుంది, ఎంత దూరం నడిచింది, ఎన్ని గుర్రాలు పడిపోయాయి, ఎందరు సవార్లు (గుర్రపు సైనికులు) గాయపడ్డారు అన్న లెక్క. అధికారి పేరు ఉంటుంది, సవారు పేరు చాలాసార్లు ఉండదు. చనిపోయినవాళ్ల పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాల్లో దొరుకుతాయి. సూయజ్ దగ్గర పోర్ట్ తౌఫిక్‌లో 1926లో కట్టిన స్మారకం ఈజిప్టు, ఇజ్రాయెల్ యుద్ధాల్లో దెబ్బతింటే కూల్చేశారు. 1980లో కైరో హెలియోపోలిస్‌లో మళ్ళీ పెట్టారు, దాదాపు 4,000 మంది భారతీయుల స్మృతిలో. రాయి పోయినా పేర్లు కాగితం మీద ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. బతికి తిరిగొచ్చినవాళ్లకు ఆ జాబితా కూడా లేదు. వాళ్ల పేర్ల కోసం వెతకాల్సింది సంస్థానపు జీతాల, పింఛన్ల రిజిస్టర్లలోనే.

ఇక ఆ రిజిస్టర్లు చదవడంలో ఉన్న కష్టం కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఇది మీ దాకా చేరలేదని మా నమ్మకం. "జిరాక్స్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి" అన్న మాట అందుకే వచ్చిందనుకుంటున్నాం.

తేదీలు ఫస్లీలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటాయి. అక్టోబర్ మొదటి వారంలో మారే సంవత్సరం అది. 1918 సెప్టెంబర్ అంటే 1327 ఫస్లీ ఆబాన్ నెల. నెలన్నర గడిచి యుద్ధం ఆగేసరికి 1328 నడుస్తోంది. "1918" అని రాసిన అర్జీకి "అలాంటి దస్త్రం లేదు" అని తిరిగొచ్చిన చీటీకి కారణం అదే. దస్త్రం ఉంది, సంవత్సరం వేరు. రెండు లెక్కలూ పక్కపక్కన వేసిన ఒక్క పేజీ పట్టిక భాండాగారం గోడకు అంటిస్తే సగం గొడవ తీరుతుంది.

రాత శికస్తా, అంటే గుమాస్తా వేగంగా గొలుసుకట్టుగా రాసుకుపోయింది. ఉర్దూలో పదం మొదట్లోనో మధ్యలోనో బే, తే, నూన్, యే అక్షరాలు దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. వాటిని విడదీసేది నుక్తా ఒక్కటే. ఆ చుక్క వెడల్పు ఒక మిల్లీమీటరు ఉంటుందేమో. 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్లతో) స్కాన్ చేస్తే ఆ చుక్కకు 24 పిక్సెళ్లు వస్తాయి, 100 డీపీఐలో నాలుగే. మాకు ఇచ్చిన నమూనా కాపీ 100 డీపీఐ, అదీ నలుపు తెలుపు. అందులో నుక్తాకూ పురుగు తొలిచిన రంధ్రానికీ తేడా లేదు, రెండూ నల్లచుక్కలే. ఎర్ర సిరాతో కొట్టేసిన గీత, పెన్సిల్‌తో అంచున రాసిన "ఫౌత్" అన్న మాట, రెండూ మాసిపోయాయి. ఫౌత్ అంటే చనిపోయాడని. ఆ ఒక్క మాట కనబడకపోతే చనిపోయినవాడు మా లెక్కలో బతికి ఉంటాడు.

పేజీ కింద అదే రంగు కాగితం పెట్టి రంగులో ఫొటో తీస్తే రంధ్రం నల్లగా పడదు. పక్కనుంచి ఏటవాలుగా ఒక దీపం పెడితే ఏది సిరా, ఏది తూటు అన్నది తేలిపోతుంది. పాతకాలంలో లామినేషన్ చేసిన పేజీలు పసుపెక్కి మెరుస్తాయి; వాటికి దీపాల మీదా లెన్సు మీదా ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా మెరుపు తగ్గించే పోలరైజింగ్ ఫిల్టర్లు పెట్టాలి. ట్యూబులైట్ల కింద తీసిన వీడియోలో చారలు పరుగెడతాయి, షట్టరు 1/50 సెకను గాని 1/100 సెకను గాని పెట్టుకోవాలి. బైండు పుస్తకాన్ని బల్లమీద బార్లా తెరిచి గాజుపలకతో నొక్కితే వెన్ను విరుగుతుంది. పుస్తకం 100 డిగ్రీలకు మించి తెరుచుకోకుండా ఆనించే ఊయల లాంటి స్టాండు మేమే తెచ్చుకుంటాం, వేడి పుట్టని ఎల్‌ఈడీ దీపాలూ తెచ్చుకుంటాం. ఇందులో భాండాగారానికి పైసా ఖర్చు లేదు.

8 అంగుళాల వెడల్పు పేజీ 600 డీపీఐలో 4,800 పిక్సెళ్లు. 4కే తెరకు 3,840 కావాలి. అంటే పేజీ మొత్తం నిండుగా కనబడి, ఒక్క పేరు దగ్గరికి కాస్త జరగడానికే అది సరిపోతుంది. 100 డీపీఐ కాపీని తెరమీద వేస్తే పేరు మసక ముద్ద. అందుకే "ఉన్నదానితో సర్దుకోండి" అంటే సర్దుకోలేకపోతున్నాం.

సైనిక దస్త్రాలు కాబట్టి రహస్యమన్నారు. నూరేళ్లు దాటిన గుర్రాల దాణా లెక్కలో ఏ రహస్యం ఉంటుంది, మంత్రి గారూ? సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటిన విషయాలకు మూడు మినహాయింపులే మిగులుతాయి, వాటిలో ఏదీ దీనికి వర్తించదు. సంబంధిత శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. ఆ దస్త్రాలు నడిపిన సంస్థానపు ఫౌజు (సైనిక) శాఖ ఇప్పుడు లేదు. ఎవరి దగ్గర తేవాలో మీరే చెప్పండి, తెస్తాం.

ఇంకొక్క సంగతి. దక్కన్ హార్స్ ఫొటో ఒకటి పంపి "ఇదే మీరడిగింది" అన్నారు. 20వ దక్కన్ హార్స్ బ్రిటిష్ ఇండియా సైన్యపు రెజిమెంటు, 1916 జులై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో ఉంది. 1945లో కుమావూఁ రెజిమెంటుగా పేరు మారిన హైదరాబాద్ రెజిమెంటు ఇంకొకటి. లాన్సర్లు ఈ రెండూ కారు, నిజాం సంస్థానపు సొంత దళం. పేర్లు కలుస్తాయి కాబట్టి పొరపాటు సహజమే, ఎవరినీ తప్పుపట్టడం లేదు. కాని ఆ పొరపాటుతోనే అర్జీ పూర్తయినట్టు ముగించేశారు. దయచేసి దాన్ని తిరిగి తెరిపించండి.

మేం అడిగేది ఇంతే. 1324 నుంచి 1330 ఫస్లీ వరకు లాన్సర్ల జీతం, పింఛను, గుర్రాల రిజిస్టర్లను మేం చెప్పిన పద్ధతిలో ఫొటో తీసుకోనివ్వండి. భాండాగారం మనిషి ఒకరు పక్కన ఉండి పేజీలు తిప్పనివ్వండి, మేం చెయ్యి కూడా వెయ్యం. తీసిన ప్రతి పేజీ టిఫ్ ఫైలునూ (నాణ్యత తగ్గని ఫొటో ఫైలునూ), చదివిన పేర్ల పట్టికనూ అక్కడే ఉచితంగా ఇచ్చి వెళ్తాం. రేపు ఎవరి మనవడో మనవరాలో వస్తే ఆ రిజిస్టర్‌ను మళ్ళీ విప్పే పని ఉండదు. ఫొటో తీయడం కుదరదంటే కనీసం ఒక సంరక్షకుణ్ణి పంపి, రాలుతున్న పేజీలకు పలుచని టిష్యూ కాగితం అతికించమనండి. అదీ కుదరదంటే కుదరదని రాతపూర్వకంగా చెప్పండి.

వానాకాలం వస్తే గాలిలో తేమ పెరిగి పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. విడదీసేటప్పుడు ఒక పేజీ మీది సిరా రెండో పేజీతో పాటు లేచిపోతుంది. జూన్ లోపు జవాబు ఇప్పించండి.

నమస్కారాలతో,
లాన్సర్ల డాక్యుమెంటరీ బృందం