ఆర్సెనిక్ లెక్క వరి వేరు దగ్గర తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

బియ్యంలో ఆర్సెనిక్ అనే విష మూలకం ఉందని వార్త వచ్చిన ప్రతిసారీ చర్చ బోరు నీళ్లతో మొదలై, బియ్యం ఎన్నిసార్లు కడగాలన్న చిట్కాతో ముగుస్తోంది. మధ్యలో పొలం ఒకటుందన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఏళ్ల తరబడి పెట్టిన నీళ్లలోని ఆర్సెనిక్ పేరుకునేది ఆ మట్టిలోనే కదా.

నీళ్లు నిలిచిన మడిలోంచి ఒక వరి దుబ్బు పీకి, కడిగి చూడండి. లేత వేళ్ల కొసలు తెల్లగా ఉంటాయి. ముదురు వేళ్లకు మాత్రం ఇటుక రంగు పూత పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. అది ఇనుము తుప్పు. వరి తన ఒంట్లోని గాలి గొట్టాల గుండా వేళ్లకు ఆక్సిజన్ పంపుతుంది. అందులో కొంత బయటి బురదలోకి వస్తుంది. బురదలో కరిగి ఉన్న ఇనుముకు అది తగలగానే వేరు మీదే తుప్పు కడుతుంది. ఆర్సెనిక్‌ను పట్టి ఉంచే గుణం ఈ తుప్పుకి ఉంది.

ఇది విని, "అయితే పొలానికి ఇనుము వేస్తే సరి" అనేవాళ్లున్నారు. అంత సులువు కాదు. మట్టిలో ఆర్సెనిక్ మొదటినుంచీ అంటుకుని ఉండేది ఎక్కువగా ఇనుము తుప్పునే. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి, దానితోపాటు ఆర్సెనిక్ కూడా బయటపడుతుంది. అంటే అదే మడిలో ఇనుము బురదలో ఆర్సెనిక్‌ను వదిలేస్తూ, వేరు అంచున పట్టుకుంటూ ఉంటుంది. పైగా అలా బయటపడేది చాలావరకు ఆర్సెనైట్ రూపంలో ఉంటుంది. సిలికాన్ కోసం వరి వేళ్లలో ఉన్న దారినే పట్టుకుని అది లోపలికి దూరుతుంది. వేళ్లు ఎర్రగా ఉన్నాయి కాబట్టి గింజకు ఢోకా లేదని చెప్పేస్తే కుదరదు.

మడిని మధ్యమధ్యలో ఆరనిస్తే ఇనుము మళ్లీ తుప్పుగా మారి ఆర్సెనిక్‌ను కట్టేస్తుంది. పొలంలో చిల్లుల గొట్టం పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే, కాకపోతే నీటి పొదుపు కోసం చెబుతారు. అయితే మరీ ఆరబెడితే కాడ్మియం అనే విష లోహం గింజలోకి చేరే ప్రమాదం పెరుగుతుంది. పూత దశలో ఎండితే తాలు గింజలు తప్పవు. వంతులవారీగా కాలువ నీళ్లు అందే రైతుకు ఎప్పుడు ఆరబెట్టాలో ఎంచుకునే వీలెక్కడిది? "రైతులు జాగ్రత్త పడాలి" అని కరపత్రం పంచి చేతులు దులుపుకోవడం అన్యాయం. నీటి విడుదల షెడ్యూల్ వేసేవాళ్లు, భూసార పరీక్షలు చేసేవాళ్లు ముందు ఒకచోట కూర్చోవాలి. ముప్పున్న నేలల్లో ఆర్సెనిక్, ఇనుము కలిపి చూడాలి. గింజలోనైతే ఆర్సెనిక్‌తోపాటు కాడ్మియం కూడా కొలవాలి.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో పాలిష్ బియ్యానికి పెట్టిన పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. తవుడు తీయని బియ్యానికి 2016లో 0.35 అన్నారు. ఇవి ఎక్కువ హాని చేసే అకర్బన (కార్బన్‌తో కలవని) ఆర్సెనిక్‌కు పెట్టిన హద్దులు. ల్యాబ్ రిపోర్టుల్లోనేమో తరచూ కర్బన, అకర్బన రూపాలు రెండూ కలిపిన మొత్తం ఆర్సెనిక్ అంకె వేస్తారు, జనం దాన్ని చూసి టెన్షన్ పడతారు, లేదంటే కొట్టిపారేస్తారు. మీ విలేకరులు ఇకపై అలాంటి అంకె అచ్చువేసే ముందు అది ఏ ఆర్సెనిక్, ఏ బియ్యంలో కొలిచింది అని ఒక్కసారి అడగాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు