మందుకి దాని టైమ్ ఇవ్వు తల్లీ

మలక్‌పేట, హైదరాబాద్

చిన్నీ,

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఎనిమిదింటికి అన్నం తిని డోలో 650 వేసుకున్నావట, జ్వరం దిగలేదని తొమ్మిదింటికి ఇంకోటి, పడుకునే ముందు జలుబు టాబ్లెట్ ఒకటి. నువ్వు మత్తుగా మాట్లాడుతున్నావని అప్పుడు ఎక్కువ చెప్పలేదు. ఇప్పుడు మన మందుల షాపు కాస్త ఖాళీ అయింది, కౌంటర్ దగ్గరే కూర్చుని రాస్తున్నా.

"అన్నా, జల్ది తగ్గాలె, జర స్ట్రాంగ్‌ది ఇయ్యి" అనే మాట ఇరవై రెండేళ్లుగా రోజూ వింటున్నా. మింగిన టాబ్లెట్ ముందు పొట్టలో కరగాలి, చిన్నపేగుల్లోకి దిగాలి, అక్కడి నుంచి రక్తంలోకి చేరాలి. కడుపు నిండా తిని వేసుకుంటే ఇంకా ఆలస్యం. తొమ్మిదింటికి మొదటి డోలో పని ఇంకా మధ్యలోనే ఉండి ఉంటుంది. నువ్వేమో అది పనిచేయలేదనుకున్నావు.

రక్తంలో కలిసిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. మెదడులో జ్వరాన్ని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని డోలోలో ఉండే పారాసిటమాల్ తగ్గిస్తుంది, అప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. జలుబు టాబ్లెట్లలో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ ముక్కు కారకుండా వేసుకునేదే, కానీ అది మెదడులోకి కూడా వెళ్తుంది. రాత్రి నీ మత్తు దానిదే అయ్యుంటుంది. ఆ టాబ్లెట్లలో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది. స్ట్రిప్ వెనక చదువు. ఉందంటే, ఒక్క రాత్రిలో ఒకే మందు మూడుసార్లు వేసుకున్నట్టే.

మీ తాతయ్యకు ఛాతీ నొప్పి వచ్చిన రోజు గుర్తుందా? గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ టాబ్లెట్ నీళ్లతో మింగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, నాలుక కింద పెట్టించాను. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌కే పోతుంది, అక్కడ ఆ మందు చాలావరకు విరిగిపోతుంది. నాలుక కింద కరిగితే లివర్ దాకా పోకుండానే రక్తంలో కలుస్తుంది. అందుకే అంత తొందరగా ఆయనకు నొప్పి తగ్గింది.

నీ పారాసిటమాల్‌ని విరగ్గొట్టేది కూడా ఆ లివరే. రెండు మూడు గంటల్లో రక్తంలో ఉన్నది సగమవుతుంది, ఇంకో రెండు మూడు గంటల్లో అందులో సగం. విరిగింది మూత్రంలో పోతుంది. ఈ పనిలో కొంచెం విషం కూడా పుడుతుంది. దాన్ని అణచడానికి లివర్‌లో గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది. మోతాదు మరీ మించితే అది ఖర్చయిపోయి, ఆ విషం లివర్‌నే దెబ్బతీస్తుంది. మొదటి రోజు మనిషికి పెద్దగా ఏమీ తెలియదు కూడా. నాకు భయం అందుకే.

రాత్రి వేసుకున్నదానితో అంత ప్రమాదం లేదు, టెన్షన్ పడకు. ఇకమీదట డోలోకీ డోలోకీ మధ్య ఆరు గంటలు ఉండాలి. పెద్దవాళ్లకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదంటారు, సరిగ్గా తినడం లేదు కాబట్టి నిన్ను నేను 3 కూడా దాటనివ్వను. జలుబు టాబ్లెట్ మానెయ్. మూడో రోజుకీ జ్వరం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. వానాకాలం కదా, డెంగీ కాదని తేలేదాకా బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోకు, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

వేసుకున్న ప్రతిసారీ స్ట్రిప్ మీద పెన్నుతో టైమ్ రాసి, ఫోటో తీసి నాకు పంపు. అర్ధరాత్రయినా చూస్తాను.

నాన్న