శీనూ, ఆ కొటేషన్ల మీద ఇప్పుడే సంతకం పెట్టకు

ఒరేయ్ శీనూ,

నీ కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాముని కొత్తగా రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మెయిలూ, దాంతో పంపిన మూడు కొటేషన్లూ నిన్న రాత్రి తీరిగ్గా కూర్చుని చదివాను. ఫోన్లో చెబితే సగంలోనే "సర్లేరా, ఇంతకీ ఏది కొనమంటావ్" అంటావు కాబట్టి ఈ ఉత్తరం. ఆ మూడింటిలో దేనిమీదా సంతకం పెట్టకు. ఎందుకో చెబుతాను.

అసలు నీకు అంత తొందరేం లేదు. నీ ప్రోగ్రాము రాసిన వీబీ6 (విజువల్ బేసిక్ 6) పాతదే, కాదనను. 1998లో వచ్చింది, ఆ డెవలప్‌మెంట్ టూల్‌కి మైక్రోసాఫ్ట్ 2008 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. కానీ అందులో రాసిన ప్రోగ్రాములు విండోస్ 11 మీద కూడా నడుస్తున్నాయి, నీదీ నడుస్తోంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ చాంబర్లో ఉన్నాయి, వాటిమీద బ్యాంకు లోను ఎంతుంది, అద్దె ఎంత బాకీ అన్నది ఇవాళ్టికీ అదే చెబుతోంది. మిర్చి సీజన్ నడుస్తుండగా దాన్ని ముట్టుకోకు. మార్చేదేదో లోడింగ్ అయిపోయాక మార్చు.

కొటేషన్ చేతికి రాగానే నువ్వు కింద టోటల్ చూస్తావు. నేను మాత్రం దేన్ని లెక్కపెట్టి ఆ టోటల్ వేశారో చూస్తాను. మనుషులనా, కంప్యూటర్లనా, ప్రాసెసర్ కోర్లనా? వచ్చే ఏడాది నీ ఖర్చు ఎటు పోతుందో అక్కడే తెలిసిపోతుంది.

ప్రోగ్రాములు రాసే భాష జావా సంగతే తీసుకో. ఒరాకిల్ 2023 జనవరి నుంచి జావా సబ్‌స్క్రిప్షన్‌ని ఉద్యోగుల సంఖ్య మీద అమ్ముతోంది. వెయ్యి మంది లోపు ఉన్న కంపెనీకి లిస్టు ధర మనిషికి నెలకి 15 డాలర్లు. జావా వాడేవాళ్లనే లెక్కపెడతారనుకునేవు, కాదు. పర్మనెంటు, పార్ట్‌టైం, టెంపరరీ, ఆఖరికి కంపెనీ పనికి తోడ్పడే కాంట్రాక్టరు మనుషులు కూడా ఆ లెక్కలోకి వస్తారు. ఇప్పుడు నీ కస్టమర్ కోల్డ్ స్టోరేజీని ఊహించుకో. కంప్యూటర్ ముందు కూర్చునేది ఇద్దరు గుమాస్తాలు. టిక్కీలు మోసే ముఠా కూలీలతో కలిపి 60 మంది తేలితే నెలకి 900 డాలర్లు! ఏడాది మొత్తానికి నీకిచ్చే ఏఎంసీకే (మెయింటెనెన్స్ ఫీజుకే) ఆ సేటు ఎంత బేరమాడతాడో నీకు తెలుసు.

అలాగని జావా వద్దని కాదు. ఓపెన్‌జేడీకే అని జావాకే ఓపెన్ సోర్స్ రూపం ఉంది, దాన్ని ఎక్లిప్స్ వాళ్లు టెమురిన్ పేరుతో, అమెజాన్ కొరెట్టో పేరుతో ఉచితంగా ఇస్తున్నాయి. నీ సైజు అప్లికేషన్‌కి అవి చాలు. నీ రెండో కొటేషన్‌లో "జావా లైసెన్స్" అని ఒక లైను ఉందే, అది ఎవరి జావా, ఎందుకు అవసరం అని ఆ ఏజెంటుని అడుగు. జవాబు కోసం కాదు, మొహం చూడ్డానికి.

మొదటి కొటేషన్ చూస్తే నవ్వొచ్చింది. నీ దగ్గరున్న నలుగురు కుర్రాళ్లకి కోడ్ రాసే టూల్ విజువల్ స్టూడియోలో ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషనా? 250కి మించి కంప్యూటర్లో, ఏడాదికి 10 లక్షల డాలర్లకి మించి ఆదాయమో లేని కంపెనీలో ఐదుగురి దాకా కమ్యూనిటీ ఎడిషన్‌ని ఉచితంగానే వాడుకోవచ్చు. ఆరోవాణ్ని తీసుకున్న రోజున డబ్బు కట్టే ప్రొఫెషనల్ ఎడిషన్ గురించి ఆలోచించు.

మూడోది, కోడ్ రాయక్కర్లేదని చెప్పే లో-కోడ్ ప్లాట్‌ఫాం. డెమోలో ముచ్చటగానే ఉంటుంది. అక్కడ లెక్క యూజర్‌కి ఇంత అని. కాటా దగ్గర సీజన్లో మాత్రమే కూర్చునే కుర్రాడికి కూడా ఒక లాగిన్ కావాలి కదా, దాని మాటేమిటి? పైగా నువ్వు కట్టుకున్న స్క్రీన్లూ, రూల్సూ వాళ్ల ప్లాట్‌ఫాం మీదే నడుస్తాయి. డేటా ఎక్సెల్‌లో బయటికి తెచ్చుకున్నా, అప్లికేషన్ మాత్రం మళ్లీ మొదట్నుంచి రాసుకోవాల్సిందే.

ఇక సపోర్ట్. నీ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, మోసపోయేదీ ఇక్కడే. "గంటలో రెస్పాన్స్" అని రాస్తారు. రెస్పాన్స్ అంటే జవాబివ్వడం, బాగుచేయడం కాదు. ఒకసారి మా డేటాబేస్ పడిపోతే సపోర్ట్ ఇచ్చే ఒక కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) వేశాం. సరిగ్గా గంట లోపలే జవాబొచ్చింది, లాగ్ (ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే ఫైలు) పంపమని. పంపాం. షిఫ్ట్ మారింది, కొత్తాయన వచ్చి అదే లాగ్ మళ్లీ పంపమన్నాడు. తెల్లారేసరికి మా కుర్రాడే కూర్చుని డేటాబేస్‌ని మళ్లీ నడిపించేశాడు. ఆ తర్వాత వాళ్ల దగ్గర్నుంచి మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పండంటూ మెయిల్!

కాబట్టి వేళలు చూడు. లినక్స్ అమ్మే రెడ్ హ్యాట్ వాళ్ల సపోర్ట్ షరతులు ఒకసారి చదువు, స్పష్టంగా రాసి ఉంటాయి. స్టాండర్డ్ అయితే ఆఫీసు వేళల్లోనే, ప్రీమియం అయితే పెద్ద సమస్యలకి రాత్రీ పగలూ. మీ దగ్గర లారీలు ఏ వేళకి వస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు. నీ కస్టమర్ అర్ధరాత్రి నీకు ఫోన్ చేస్తే, నువ్వు ఎవరికి చేస్తావు?

ఉచితమని గుడ్డిగా నమ్మమనీ చెప్పను. ఉచిత లినక్స్ సెంటోస్ 8 వేసుకున్నవాళ్లు 2029 దాకా ఢోకా లేదనుకున్నారు. 2020 డిసెంబర్లో ప్రకటన వచ్చింది, అప్‌డేట్లు 2021 ఆఖరుతో సరి అని. దాని బదులు వాడుకునే రాకీ, అల్మా లినక్స్‌లు పుట్టుకొచ్చాయి కాబట్టి గట్టెక్కారు.

నన్నడిగితే నీ కుర్రాళ్లకి వీబీ వచ్చు కాబట్టి మైక్రోసాఫ్ట్ వాళ్లదే సీషార్ప్ భాష త్వరగానే పట్టుబడుతుంది. దాన్ని నడిపించే డాట్‌నెట్ 10 తీసుకో, 2028 నవంబర్ దాకా సపోర్ట్ ఉంటుంది. డేటాబేస్‌కి ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్. ఒక్కో పెద్ద వెర్షన్‌కి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి, కోర్ల లెక్క లేదు. మిగిలిన డబ్బుతో పోస్ట్‌గ్రెస్ బాగా తెలిసినవాళ్లతో ఏడాది కాంట్రాక్టు కుదుర్చుకో. బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెచ్చి చూపించడం కూడా అందులో రాయించు. చూపించమంటే తప్పించుకునేవాళ్లయితే వద్దు.

డాలర్లలో కట్టేది ఏదున్నా రూపాయి పడిపోతే నీ లాభం అంతమేర తగ్గుతుంది. బయటి దేశం కంపెనీకి నేరుగా కార్డు మీద కడితే రివర్స్ ఛార్జ్ (అమ్మినవాడి బదులు కొన్నవాడు పన్ను కట్టడం) కింద 18 శాతం జీఎస్టీ నువ్వే కట్టాలి. క్రెడిట్ ఎలా తీసుకోవాలో మీ ఆడిటర్ని అడుగు.

రెండో కొటేషన్‌కి అనెక్సర్ (షరతుల అనుబంధం) ఉందని రాశారు గానీ నువ్వు పంపలేదు. ఆటో రెన్యువల్ సంగతి ఉండేది అందులోనే. వద్దనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూడాలి. ఆదివారం లోపు స్కాన్ చేసి పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఈసారి పండు మిర్చి పచ్చడి నాకు విడిగా తీసి ఉంచమను.

నీ
భాస్కర్