ఈ శనివారం సినిమా: యాన్ అఫైర్ టు రిమెంబర్

అందరికీ నమస్కారం. ఈ వారానికి 1957 నాటి ఈ సినిమా పెట్టాను. కేరీ గ్రాంట్, డెబోరా కెర్ జంట. దర్శకుడు లియో మెకేరీ 1939లో తను తీసిన ‘లవ్ అఫైర్’ కథనే మళ్లీ ఇలా తీశాడు.

ఓడ ప్రయాణంలో పరిచయం. ఇద్దరికీ వేరేచోట పెళ్లి కుదిరే ఉంది. ఆరు నెలల తర్వాత ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన కలుద్దామనుకుంటారు. ఆమె వస్తూ రోడ్డు మీద ప్రమాదంలో పడుతుంది. ఆ సంగతి తెలియని అతను పైన ఎదురుచూస్తూనే ఉంటాడు.

చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.

చివర్లో ఆమె సోఫాలో, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంటుంది. ఒక్కసారి కూడా లేవదు. ఎందుకు రాలేదో చెప్పదు. ఆమెను చూడటానికి వచ్చిన అతను, తన నాయనమ్మ శాలువా ఆమెకిచ్చి వెళ్లబోతూ, తను గీసిన బొమ్మను ఎవరో నడవలేని అమ్మాయి తీసుకెళ్లిందని చెబుతూ మధ్యలో ఆగిపోతాడు. గబగబా వెళ్లి పక్కగది తలుపు తీస్తాడు. లోపల గోడకి ఆ బొమ్మ! గ్రాంట్ ఒక్క మాట కూడా అనడు, కళ్లు మూసుకుంటాడంతే. నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

మధ్యలో పిల్లల పాటలు కాస్త సాగుతాయి, ఓపిక పట్టండి. అన్నట్టు, కెర్ పాటలకు గొంతు మార్నీ నిక్సన్‌ది.

చూశాక రాయండి: ఆమె అన్నాళ్లు దాచడం సబబేనా? నా మటుకు, ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండాల్సింది.